దుఃఖంలో ఉన్న స్నేహితురాలికి చేత్తో చేసిన కార్డు: ఎప్పుడు పంపాలి, ఏ కాగితం, ఏ బొమ్మ, ఏ మాట

కిందటేడు వానాకాలంలో నా చిన్ననాటి స్నేహితురాలి నాన్నగారు పోయారు. నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. కబురు అందిన మర్నాడే వెళ్ళాను. హాలు నిండా చుట్టాలు, ఇరుగుపొరుగు వాళ్ళు. వచ్చిన ప్రతివాళ్ళూ "ఎలా జరిగిందమ్మా?" అని అడుగుతున్నారు, తను ప్రతిసారీ మొదటి నుంచీ చెబుతోంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను తప్ప నాకు ఒక్క మాట పెగల్లేదు. రెండు గంటలుండి తిరుగు బస్సెక్కాను.

నోటితో అనలేనిది రాసి పంపుదామని ఇంటికొచ్చాక కార్డు చేయడం మొదలుపెట్టాను. మొదటి రెండూ పనికిరాలేదు, మూడోది పంపాను. ఆ తర్వాత మరికొందరి కోసం చేశాను. మన దగ్గర పెళ్ళికి, పుట్టినరోజుకి కార్డులున్నాయి గానీ, పోయినవాళ్ళ ఇంటికి కార్డు పంపే అలవాటు లేదు. పలకరింపుకి మనిషే వెళ్ళాలి. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలన్నీ వేరే దేశాల ఇళ్ళకి సరిపోయేవి: లిల్లీ పూలు, నల్ల రిబ్బను, బంగారు రంగు అక్షరాలు. అవి చూసి చేస్తే మన ఇంట్లో ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది. అందుకే నేను పోల్చి చూసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: ఎప్పుడు అందాలి

కాగితం, రంగులు తర్వాత. కార్డు ఎప్పుడు చేరాలన్నది ముందు తేలితే మిగతా సగం దానంతటదే తేలిపోతుంది.

మొదటి పది పన్నెండు రోజుల్లో కార్డు పంపొద్దనే నా సలహా. ఆ రోజుల్లో ఇల్లు ఇంటివాళ్ళది కాదు. వంటమనిషిని పిలవడం, పురోహితుడి చీటీలో సామాన్లు తేవడం, దూరం నుంచి వచ్చినవాళ్ళకి పడకలు సర్దడం, డెత్ సర్టిఫికెట్ కోసం తిరగడం. వచ్చిన కవరు టీవీ మీద పెడితే అక్కడే ఉండిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మా తాతయ్యకి చావు కబురు పోస్టుకార్డు మీద వచ్చేది. ఆయన దాన్ని వీధరుగు మీదే నిలబడి చదివి, అక్కడే చింపేసి, తలమీద నీళ్ళు పోసుకున్నాకే లోపలికి వచ్చేవారు. అలాంటి ఉత్తరం ఇంట్లో ఉంచకూడదన్నది పట్టింపు. ఇప్పటికీ చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఆ పట్టింపు ఉంది. మీరు ప్రేమగా చేసిన కార్డు మైల రోజుల్లో చేరితే దాన్ని ఆ లెక్కలోనే చూడొచ్చు. ఆ రోజుల్లో మనిషి వెళ్ళడమే మేలు. వెళ్ళలేకపోతే ఫోను, అదీ కుదరకపోతే రెండు లైన్ల మెసేజ్.

పెద్దకర్మ అయిన తర్వాతి వారం నుంచి నెల మాసికం లోపు, నా లెక్కలో కార్డుకి అన్నిటికంటే మంచి సమయం ఇదే. పన్నెండో రోజు భోజనాలయ్యాక చుట్టాలు వెళ్ళిపోతారు. టెంటు విప్పేస్తారు, అద్దె కుర్చీలు వెనక్కి పోతాయి. ఇంట్లో ముగ్గురో నలుగురో మిగులుతారు, కొన్ని ఇళ్ళలో ఒక్కరే. ఫోన్లు ఆగిపోతాయి. నిజంగా మీద పడేది అప్పుడే. నా స్నేహితురాలికి నా కార్డు పద్దెనిమిదో రోజున చేరింది. "ఆ రోజు ఇంటికి ఎవరూ రాలేదే, నీ కార్డొకటే వచ్చింది" అంది తర్వాత.

మూడో అవకాశం మొదటి పండగ. ఏడాది తిరిగేవరకు ఆ ఇంట్లో పండగ చేయరు. వీధంతా సంక్రాంతి ముగ్గులుంటే ఆ ఒక్క వాకిలీ బోసిగా ఉంటుంది. అప్పుడు శుభాకాంక్షలు పంపకూడదని అందరికీ తెలుసు, అందుకని ఎవరూ ఏమీ పంపరు. పండగకి రెండు మూడు రోజుల ముందు చేరేలా "ఈసారి పండక్కి మీ ఇల్లే గుర్తొస్తోంది" అని రాసిన చిన్న కార్డు పంపి చూడండి. మొదట్లో ఏమీ పంపలేకపోయామే అని బాధపడుతున్నవాళ్ళకి కూడా ఇది మంచి దారి. ఆలస్యానికి సంజాయిషీ అక్కర్లేదు.

సంవత్సరీకం నాటికి పంపడం నాలుగోది. తిథి ప్రకారం చేస్తారు కాబట్టి ఇంగ్లీషు తేదీకీ దానికీ తేడా వస్తుంది. తేదీ సరిగ్గా తెలియకపోతే ఆ నెలలో ఎప్పుడైనా చేరేలా పంపండి, కార్డు మీద తేదీ ప్రస్తావన వద్దు.

ఏ రూపంలో చేయాలి

మడత కార్డు, విడి కార్డుతో పాటు ఉత్తరం, అకార్డియన్ మడత. నేను ప్రయత్నించినవి ఈ మూడూ.

ఎక్కువమందికి మడత కార్డే సరిపోతుంది. పైన బొమ్మ, లోపల కుడివైపు రాత. రాసేది ఎనిమిది పది లైన్లే అనుకుంటే ఇంతకంటే పెద్దది చేయొద్దు. పెద్ద కార్డులో తక్కువ మాటలుంటే మిగిలిన తెలుపంతా ఖాళీగా కొడుతుంది, దాన్ని నింపాలన్న ఆరాటంలో అనవసరమైన మాటలు రాసేస్తాం.

మీరు చాలా దగ్గరివాళ్ళయితే, చెప్పాల్సింది చాలా ఉంటే రెండోది చేయండి. అరచేయంత అట్ట మీద బొమ్మ, దాని వెనక ఒకే ఒక్క వాక్యం, దాంతోపాటు మడిచిన మామూలు కాగితం మీద ఉత్తరం. ఇందులో ఒక సౌకర్యం ఉంది. కార్డు అల్మారాలో కనబడేలా పెట్టుకోవచ్చు, ఉత్తరం దాచుకోవచ్చు. మడత కార్డులో మనసు విప్పి రాస్తే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ తెరిచి చదువుతారు.

అకార్డియన్ మడత అంటే పొడుగాటి కాగితాన్ని విసనకర్రలా ముందుకీ వెనక్కీ మడవడం. ఆఫీసువాళ్ళు, కాలేజీ బ్యాచ్ వాళ్ళు కలిసి పంపాలంటే ఇది బాగుంటుంది. కానీ ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఒకే కార్డు చేతులు మారుతూ పోతే మొదటివాళ్ళు "మీ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి" అని రాస్తారు, తర్వాతి పదిహేనుమందీ అదే రాస్తారు. మా ఆఫీసులో అలాగే జరిగింది. రెండోసారి అందరికీ విడివిడిగా చిన్న చీటీలు ఇచ్చి, "వాళ్ళమ్మగారి గురించో, తన గురించో మీకు గుర్తున్నది ఒక్కటి రాయండి" అన్నాను. ఎవరి చీటీ ఇంకొకరికి చూపించలేదు. తర్వాత అన్నీ మడతల్లో అతికించాను. వాళ్ళమ్మగారు పంపిన గోంగూర పచ్చడి గురించి ముగ్గురు రాశారు, ఒక్కొక్కరూ ఒక్కోలా. ఆ ముగ్గురి మాటల్లో ఆవిడ కళ్ళకి కట్టారు.

చేత్తో చేసిన కార్డుని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడం? అసలు కార్డు కూడా పంపుతుంటే ఫోటో వద్దు. కవరు విప్పేలోపే చూసేసినట్టవుతుంది. పోస్టు అస్సలు వెళ్ళని చోటుకైతే తప్పదు.

కాగితం, పెన్ను, జిగురు

స్టేషనరీ షాపులో మామూలుగా దొరికేవి నాలుగు: చార్ట్, డ్రాయింగ్ షీటు, ఐవరీ షీటు, హ్యాండ్‌మేడ్ పేపరు. చార్ట్ చవక, కానీ పల్చన, నిలబెడితే వంగిపోతుంది. దాని రంగులు బడి ప్రాజెక్టుల్ని గుర్తుచేస్తాయి కాబట్టి దీనికి వాడొద్దు. డ్రాయింగ్ షీటు వాటర్‌కలర్‌కి ఫర్వాలేదు. ఐవరీ షీటు నున్నగా, గట్టిగా ఉంటుంది, రాత శుభ్రంగా పడుతుంది. హ్యాండ్‌మేడ్ పేపరు చూడ్డానికి అన్నిటికంటే బాగుంటుంది గానీ గరుకు, ఇంకు పీల్చేస్తుంది, చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. నేను రెండూ కలుపుతాను: పైన హ్యాండ్‌మేడ్, లోపల రాయడానికి ఐవరీ ముక్క అతికింపు.

తెల్లటి తెలుపు కంటే కొంచెం మీగడ రంగు తీసుకోండి. పాలిపోయిన తెలుపు మీద నల్ల అక్షరాలు పడితే పేపర్లో వచ్చే శ్రద్ధాంజలి ప్రకటనలా ఉంటుంది.

కొలతలు ముందే చూసుకుంటే కవరు కోసం తిప్పలుండవు. ఏ4 కాగితాన్ని సగానికి కోస్తే 148 × 210 మిల్లీమీటర్లు, దాన్ని మడిస్తే 105 × 148. సీ6 కవరు 114 × 162 ఉంటుంది, అందులో చక్కగా కూర్చుంటుంది. బరువు కూడా చూసుకోవాలి. 250 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 250 గ్రాములు తూగే) ఏ4 షీటు మొత్తం మడిచి పంపితే అదొక్కటే పదిహేనున్నర గ్రాములు, కవరూ అతికించినవీ కలిస్తే 20 గ్రాములు దాటుతుంది. మామూలు ఉత్తరానికి 5 రూపాయల స్టాంపు 20 గ్రాముల వరకే. సగం షీటుతో చేస్తే ఎనిమిది గ్రాముల లోపే, లోపల ఇంకో ఉత్తరం పెట్టినా సరిపోతుంది. స్టాంపు తక్కువైతే ఆ డబ్బు పోస్ట్‌మ్యాన్ మీ స్నేహితురాలి దగ్గర వసూలు చేస్తాడు. ఇలాంటి సమయంలో ఆ పరిస్థితి రానివ్వకూడదు.

మందపాటి షీటుని ఊరికే మడిస్తే మడత దగ్గర పీచులు లేచి పగులుతుంది. కాగితాన్ని రెండువైపులా మెల్లగా వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగితే మడత అటే రావాలి. ఇంకు అయిపోయిన రీఫిల్‌తో స్కేలు ఆనించి ఒక గీత నొక్కి, ఆ గాడి వెంట మడవండి. స్పూను వెనక భాగంతో ఒకసారి రాస్తే కత్తితో కోసినట్టు వస్తుంది.

ఇక పెన్ను. నా మొదటి కార్డు పాడైంది ఇక్కడే. బాబాయిగారికి ఇంకు పెన్నంటే ఇష్టమని నేనూ ఇంకు పెన్నుతోనే రాశాను, నీలం ఇంకు. ఆరబెట్టి మంచినీళ్ళ గ్లాసు తీస్తుంటే ఒక్క చుక్క పడింది. "బాబాయిగారు" అన్న మాట మొత్తం నీలి మరకయింది. అప్పుడు తట్టింది: ఈ కాగితం మీద తను ఏడుస్తుంది. కన్నీళ్ళు పడతాయని ముందే అనుకుని పెన్ను ఎంచుకోవాలి. జెల్ పెన్నుల్లో చాలావాటికి కూడా ఇదే ఇబ్బంది. నల్ల బాల్‌ పెన్ను అందంలో కాస్త తక్కువే, కానీ తడికి చెదరదు. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న డ్రాయింగ్ పెన్ను దొరికితే ఇంకా మంచిది. ఏది వాడినా వేరే ముక్క మీద రాసి, ఆరాక తడి వేలితో రుద్ది చూడండి.

తెల్ల జిగురు పల్చటి కాగితాన్ని ముడతలు పెడుతుంది, గ్లూ స్టిక్ పెట్టదు. అంతే తేడా.

పైన ఏం వేయాలి

రెండో కార్డు పాడుచేసింది ముగ్గు. అంచు ఖాళీగా ఉందని సన్నటి చుక్కల ముగ్గు గీశాను. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, "ఏమిటే ఇది, ఆ ఇంటి ముందు ఇంకా ముగ్గు పడలేదు కదా" అంది. మాట నిజమే. మనం మామూలుగా అందం కోసం వేసేవన్నీ శుభానికి గుర్తులే: ముగ్గు, మామిడాకుల తోరణం, కలశం, స్వస్తిక్, పసుపు అంచు, కుంకుమ రంగు చుక్క. ఉత్తరం మూలలకి పసుపు రాసి పంపేది శుభవార్తకే. ఎరుపు, పసుపు పక్కపక్కన పెడితే పెళ్ళికార్డే గుర్తొస్తుంది. ఉత్తరం పైన అలవాటుగా రాసే "శ్రీ", మొదట్లో వచ్చే "ఇక్కడ మేమంతా క్షేమం" కూడా ఇందులో వద్దు.

మరి ఏం మిగిలాయి? చాలానే ఉన్నాయి.

పూలలో నేను పారిజాతం వైపే మొగ్గుతాను. తెల్ల రేకులు, మధ్యలో కాషాయపు కాడ. రెండే రంగులు కాబట్టి బొమ్మలు రానివాళ్ళకీ వస్తుంది. తెల్లారేసరికి చెట్టు కింద రాలి ఉండే పువ్వు, ఆ మాట వేరే చెప్పనక్కర్లేదు. నందివర్ధనం ఇంకా సులువు, ఆకుపచ్చ ఆకు మీద ఐదు తెల్ల రేకులు. గులాబీ, మందారం వద్దనుకుంటాను, అవి మరీ ఆర్భాటంగా కనబడతాయి.

నిజమైన పువ్వుని ఎండబెట్టి అతికిస్తే? మల్లె, నందివర్ధనం లాంటి తెల్లపూలు నొక్కి ఎండబెడితే గోధుమరంగుకి తిరుగుతాయి, వాడిపోయినట్టే కనబడతాయి. కాగితంపూల రేకులు మాత్రం రంగు బాగానే నిలుపుకుంటాయి. ఆకుల్లో అన్నిటికంటే అందమైనది రావి ఆకు జాలీ. పండిన ఆకుని నీళ్ళలో మూడు నాలుగు వారాలు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తడితే పచ్చదనమంతా కరిగి ఈనెల వల ఒక్కటే మిగులుతుంది. నీళ్ళు మాత్రం వాసన వస్తాయి, పెరట్లోనో బాల్కనీలోనో పెట్టుకోండి. ఇన్ని వారాల పని కాబట్టి నెల మాసికం లోపు చేరాల్సిన కార్డుకి కుదరదు, మొదటి పండగకో సంవత్సరీకానికో పంపేదానికి పెట్టుకోండి.

గుడ్డ అతికించాలనుకుంటే కలంకారీ ముక్క చక్కగా కుదురుతుంది. పెడన అచ్చు కలంకారీలో మీగడ రంగు మీద నల్ల, నీలి తీగలున్న ముక్క వెతకండి. ఎర్ర నేల ఉన్నది వదిలేయండి. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసేది, అందులో దేవుళ్ళ కథలుంటాయి. ముక్కలుగా కోయడానికి నాకు మనసొప్పదు. పోయిన తల్లి చీర ముక్క తెచ్చి కార్డు మీద అతికిద్దామని ఒకరు అడిగారు. ఇంటివాళ్ళు అడిగితే తప్ప అలాంటి పని చేయకండి. ఆ చీరలు ఏం చేయాలన్నది వాళ్ళే తేల్చుకోవాలి.

దీపం బొమ్మ గురించి రెండు అభిప్రాయాలున్నాయి. చాలామందికి అది ఓదార్పు. కానీ పోయినవాళ్ళ తల దగ్గర పెట్టిన దీపాన్ని మొన్ననే చూసినవాళ్ళకి అది వేరేగా తగులుతుంది. నెల తిరగకముందు నేనైతే వేయను.

పోయినవాళ్ళ ఫోటో పైన పెట్టకండి. వాళ్ళింట్లో దండ వేసిన ఫోటో ఎటూ ఉంది. కానీ మీ దగ్గర వాళ్ళు చూడని ఫోటో ఉంటే, మీ పెళ్ళిలో ఆయన భోజనాల దగ్గర వడ్డిస్తున్నదో, ఆవిడ మీ పాపని ఎత్తుకున్నదో, అది ఏ కార్డు కంటే విలువైనది. ప్రింటు తీయించి, చిన్న లోపలి కవర్లో పెట్టి, కవరు మీద "మీ నాన్నగారి ఫోటో ఉంది, నీకు చూడాలనిపించినప్పుడు తెరువు" అని రాయండి. తెరిచే సమయం తనది.

బాగా దగ్గరివాళ్ళయితే ఇంకో దారి: ఆయన వస్తువు ఒకటి గీయడం. నేను చివరికి పంపిన మూడో కార్డు మీద పువ్వు లేదు. బాబాయిగారి నవారు మడత కుర్చీ, దాని చేతి మీద మడిచిన పేపరు, పేపరు మీద కళ్ళజోడు. ఆ కుర్చీకి ఒకవైపు నవారు తెగితే ఆయన చీర అంచు ముక్కతో కుట్టించారు. ఆ అతుకు కూడా గీశాను. కుర్చీ కాళ్ళు కొంచెం వంకరగా వచ్చాయి, దిద్దలేదు. తను ముందు చూసింది ఆ అతుకునేనట. ఒక్క షరతు: ఆ ఇంటికి మీ రాకపోకలుండాలి. దూరపు పరిచయంతో ఇలా గీస్తే ఎదుటివాళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది. అలాంటప్పుడు పారిజాతమే మేలు.

లోపల ఏం రాయాలి

వేసిన బొమ్మ ఎలా ఉన్నా మన్నిస్తారు. మాట దగ్గరే అసలు టెన్షన్.

మన దగ్గర తయారుగా ఉన్న మాటలు కొన్ని ఉన్నాయి. "ఆయన ఆత్మకి శాంతి కలగాలి", "మీ కుటుంబానికి ప్రగాఢ సానుభూతి", "ఆ భగవంతుడు మీకు ధైర్యాన్నివ్వాలి". ఇవి తప్పేమీ కాదు. పరిచయం తక్కువైతే ఇవే మర్యాద. కానీ చేత్తో కార్డు చేసేంత దగ్గరివాళ్ళయి ఉండి ఈ మాటలే రాస్తే, ఫ్లెక్సీ మీద ఉన్నదే మళ్ళీ చదివినట్టుంటుంది.

పెద్దకర్మ కార్డుల మీద అచ్చయ్యే గీతాశ్లోకం రాయొచ్చా అని అడుగుతారు. పుట్టినవాడికి చావు తప్పదన్న మాట తనకి తెలియక ఏడవడం లేదు కదా. ఆ ఇంట్లో గీత చదివే అలవాటుంటే రాయండి, లేకపోతే వద్దు.

అస్సలు రాయకూడనివి నా లెక్కలో ఇవి: "పోయినవాళ్ళు అదృష్టవంతులు", "అంతా మన మంచికే", "ఆయన బాధ నుంచి విముక్తి పొందారు", "ఇంక నువ్వే ఇంటికి పెద్ద దిక్కు, ధైర్యంగా ఉండాలి". చివరిదాన్ని చాలామంది మంచి మనసుతోనే అంటారు. కానీ అది విన్నాక తనకి ఏడ్చే వీలు కూడా పోతుంది. "నీ బాధ నాకు తెలుసు" కూడా వద్దు. మీకూ నాన్నగారు పోయి ఉన్నా సరే, తన బాధ తనది.

వీటన్నిటి బదులు మీరు మాత్రమే రాయగలిగినది ఒక్కటి రాయండి. పోయిన మనిషి గురించి మీరు చూసినది, విన్నది. ఎంత చిన్నదైనా ఫర్వాలేదు. నేను రాసింది ఇది:

"బాబాయిగారు ఇంటర్ పరీక్షలప్పుడు పొద్దున్నే నాలుగింటికి నిన్ను లేపి, పిట్టగోడ దగ్గరికొచ్చి నన్నూ లేపేవారు. 'రెండో పిల్ల లేచిందా?' అని అడిగేవారు మా అమ్మని. ఇన్నేళ్ళయినా ఆ టైముకి మెలకువొస్తే నాకు ముందు ఆయన గొంతే వినబడుతుంది. ఈ మధ్య రోజూ వినబడుతోంది. దీనికి జవాబు రాయక్కర్లేదు. వచ్చే నెల రెండో శనివారం వస్తాను, వంట నేను చేస్తాను."

ఇందులో నేను కావాలని పెట్టినవి మూడు. ఒకటి, పోయినవాళ్ళని వరసతో పిలవడం. ఇంట్లోవాళ్ళు బాధపడతారేమోనని చుట్టూ ఉన్నవాళ్ళు ఆ పేరే ఎత్తడం మానేస్తారు. దుఃఖంలో ఉన్న మనిషికి ఆ పేరు ఎవరైనా అంటే వినాలని ఉంటుంది. రెండు, జవాబు రాయక్కర్లేదన్న మాట. అది లేకపోతే కార్డు కూడా ఇంకో బాకీ అయి కూర్చుంటుంది. మూడు, వస్తానన్న రోజు. "ఏం కావాలన్నా అడుగు" అని రాస్తే ఎవరూ అడగరు. తేదీ రాస్తే మీరు వెళ్ళి తీరాలి. వెళ్ళలేమనుకుంటే రాయకండి.

మీకు పోయినవాళ్ళతో పరిచయమే లేకపోతే? అప్పుడు మీ స్నేహితురాలి నోట విన్నది రాయండి. "మీ అమ్మగారిని నేను చూడలేదు. కానీ నువ్వు క్యారేజీ విప్పిన ప్రతిసారీ ఆవిడ గురించి ఏదో ఒకటి చెప్పేదానివి" అంటే చాలు.

కొన్ని ఇళ్ళకి వేరేగా ఆలోచించాలి

భర్త పోయిన స్నేహితురాలికి కార్డు చేసేటప్పుడు నేను చాలాసేపు ఆగాను. పూలు వేయాలా వద్దా? భర్త పోతే పూలు పెట్టుకోకూడదన్న ఆచారం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది, ఒప్పుకోను. కానీ కర్మ రోజుల్లో పూలూ గాజులూ తీయించిన చోట మూడో వారంలో మల్లెపూల బొమ్మ అందితే గుచ్చుకుంటుంది. నేను వేపచెట్టు వేశాను, కింద నీడ. ఆరు నెలలకి పంపిన రెండో కార్డు మీద పూలు వేశాను. కవరు మీద పెళ్ళికార్డుల అలవాటున "చి.ల.సౌ." అని రాయకుండా ఉత్త పేరు రాయండి.

క్రైస్తవ కుటుంబాల్లో సమాధి కార్యక్రమం తర్వాత ఆదరణ కూడిక పెడతారు. అది అయ్యాక కార్డు పంపడం బాగుంటుంది, ఆ ఇంట్లో ఇష్టంగా చదివే వాక్యం మీకు తెలిస్తే అదే రాయండి. ముస్లిం స్నేహితుల ఇంటికి మనుషుల బొమ్మలు లేకుండా ఆకులు, తీగలు, జాలీ కిటికీ డిజైన్ వేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. భర్త పోయిన ఆడవాళ్ళు నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంటారు. ఎక్కువగా ఇంట్లోనే ఉండే ఆ రోజుల్లో ఒకటి కాదు, రెండు మూడు కార్డులు పంపినా మంచిదే.

పసిబిడ్డని పోగొట్టుకున్నవాళ్ళకి "మళ్ళీ పుడతారులే" అన్న అర్థం ఏ రూపంలోనూ రాకూడదు. బిడ్డకి పేరు పెట్టి ఉంటే ఆ పేరు రాయండి. బొమ్మ లేకపోయినా ఫర్వాలేదు.

విదేశాల్లో ఉన్నవాళ్ళది ఇంకో బాధ. టికెట్ దొరక్కో, వీసా కుదరకో రాలేక, తండ్రి అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళకి సానుభూతి మాటలు చాలామంది చెబుతారు. వాళ్ళకి అందనిది వేరే: ఆ రోజు ఇక్కడ ఏం జరిగిందన్నది. మీరు వెళ్ళి ఉంటే ఎవరెవరు వచ్చారో, పాలుపోసే అబ్బాయి ఎలా ఏడ్చాడో, వాన ఎప్పుడు ఆగిందో రాసి పంపండి. ఇక్కడ చిన్న కార్డుతో పాటు పొడుగు ఉత్తరమే సరైన ఎంపిక. కార్డు మీద నిజం ఆకు, పువ్వు, మొలకెత్తే విత్తనాల కాగితం మాత్రం వద్దు. ఆస్ట్రేలియా, అమెరికా లాంటి దేశాల్లో మొక్కల తనిఖీ దగ్గర ఆపేయొచ్చు. ఆకుని గీసి పంపండి, లేదా ఆకుకి రంగు పూసి అచ్చు వేయండి, ఈనెలతో సహా పడుతుంది. విదేశీ పోస్టు వారాలు పడుతుంది కాబట్టి పెద్దకర్మ దాకా ఆగకుండా వెంటనే వేసేయండి.

పోస్టులో వేయాలా, చేతికివ్వాలా

అదే ఊరైతే చేతికివ్వొచ్చు, కానీ గుమ్మంలో నిలబడి ఇచ్చి, విప్పేదాకా ఎదురుగా ఉండకండి. చదువుతుంటే ఎదురుగా మనిషి ఉంటే తను మొహం సర్దుకోవాల్సి వస్తుంది. వేరే ఊరైతే మామూలు పోస్టు బాగుంటుంది. స్పీడ్ పోస్టు ఎక్కడుందో చూసుకోవచ్చు గానీ, దానికి సంతకం పెట్టి తీసుకోవాలి. బ్యాంకు కాగితాలకీ ఇన్సూరెన్సు కాగితాలకీ సంతకాలు పెట్టి విసిగిపోయి ఉన్న ఇంటికి ఇంకో సంతకం ఎందుకు? బట్వాడా నమ్మకం లేని చోటుకైతే స్పీడ్ పోస్టే పంపండి.

చిరునామా రాసేటప్పుడు ఒకసారి చూసుకోండి. నా చేతికి ఇరవై ఏళ్ళుగా అలవాటు, ఆ ఇంటికి ఏది పంపినా "కేరాఫ్" అని రాసి బాబాయిగారి పేరు రాయడం. ఈసారి కూడా కలం అటే పోయింది. కవరు మార్చి, తన పేరు మాత్రం రాసి డబ్బాలో వేశాను.